ముప్పై శాతం

సోమవారం పొద్దున ఆరున్నరకి
బ్రష్ క్రీక్ రేడియోలో నేనే చెప్పాను:
"రేపు వాన పడే అవకాశం ముప్పై శాతం."
చెప్పి, మైకు కట్టేసి
చల్లారిన కాఫీ తాగాను.

ముప్పై అంటే
ఈ ఊళ్ళో ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క.
స్కూలు బస్సు నడిపే ట్వైలాకి
పల్లపు వంతెన దాటడమా, ఏడు మైళ్ళు చుట్టు తిరగడమా అన్నది.
చర్చి వంటగదిలో వాళ్ళకి
బల్లలు ఓక్ చెట్ల కిందా, లోపలా అన్నది.
ఆర్విల్ టాకెట్‌కి మాత్రం
ముప్పై అంటే సున్నా.
నలభై ఎకరాల గడ్డి కోసి
ఎండకి పరిచాడు.

మంగళవారం రెండు దాటాక
నైరుతి మూల ఆకాశం
దెబ్బ తగిలిన మోకాలి రంగుకి తిరిగింది.
రాడార్ తెర మీద ఆకుపచ్చ,
దాని వెనక పసుపు,
పసుపు నడుమ ఎర్రగా ఒక చుక్క.
వేలితో తుడిచి చూశాను,
మరకేమో అని.

ముందు గోలీలంత వడగళ్ళు.
తర్వాత కప్పు మీద ఎవరో
బస్తాలకు బస్తాలు బంగాళాదుంపలు కుమ్మరించినట్టు.

బుధవారమంతా ముసురు.
గురువారం కుండపోత, రాత్రి సైరన్.
నేలమాళిగ మెట్ల మీద కూర్చుని
టార్చి వెలుతురులో మైకు పట్టుకుని
వీధి పేర్లు ఒక్కొక్కటే చదివాను.
సుడిగాలి ఏ వీధికీ రాలేదు.
మర్నాడు సరుకుల కొట్లో ఒకావిడ
"ఊరికే నిద్ర చెడగొట్టావు" అంది.

లొరీన్ సంగతి చెప్పాలి.
ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజూ ఏడింటికి
కంచె దగ్గర గాజుగొట్టంలో నీళ్ళు చూసి ఫోన్ చేస్తుంది.
"రెండంగుళాల నలభై మూడు" అంటుంది,
పెట్టేస్తుంది.
వాళ్ళాయన పోయిన రోజూ అంతే,
"సున్నా పాయింటు పదకొండు."
పడిన వాన ఆమెది, పడబోయేది నాది.
ఎన్నిసార్లనుకున్నానో
మార్చుకుంటే బావుండునని.

శుక్రవారం కాస్త తెరపిచ్చింది.
ఆర్విల్ వచ్చాడు,
బూట్ల బురద గుమ్మంలోనే దులుపుకుని,
దాణా సంచిలోంచి తడిగడ్డి తీసి
నా కీబోర్డు మీద పెట్టాడు.
"లోపల చెయ్యి పెట్టి చూడు."
పెట్టాను.
జ్వరమొచ్చిన పిల్లాడి చంకలా ఉంది.
మాగిన వాసన, కొసలు నల్లబడ్డాయి.

ముప్పై అన్నాను గానీ
సున్నా అనలేదు కదా అని
నోటిదాకా వచ్చింది.
మింగేశాను.

అతను కిటికీ వైపు చూస్తూ
"రేపటి మాటేంటి?" అన్నాడు.

ఇంతా అయ్యాక కూడా
నన్నే అడుగుతున్నాడు.

తెర మీద రెండు లెక్కలున్నాయి.
ఒకటి ఎండంటుంది,
ఒకటి మూడంగుళాలంటుంది.
పాతికేళ్ళలో మొదటిసారి
"తెలీదు ఆర్విల్" అన్నాను.
టోపీ సర్దుకున్నాడు.
"అదే చెప్పు మరి, రేడియోలో."

చెప్పాను.
"ఈ రోజు వాన పడే అవకాశం యాభై శాతం.
అంటే నాకు తెలీదని.
కోసిన గడ్డి ఉన్నవాళ్ళు తిరగెయ్యకపోతేనే మేలు."

ఆ శనివారం కాసిన ఎండ
ఆ మే నెలలో మళ్ళీ కాయలేదు.
తారురోడ్ల మీంచి ఆవిర్లు లేచాయి.
పిల్లలు గుంటల్లో చెప్పుల్తో సహా దూకారు.
పదింటికే కొండవతల
ఆర్విల్ ట్రాక్టరు చప్పుడు,
సాయంత్రందాకా ఆగలేదు.
నా మాట వినలేదని
నవ్వొచ్చింది,
తర్వాత ఊపిరొచ్చింది.

ఆదివారం ఏడింటికి ఫోన్.
"సున్నా" అంది లొరీన్.

ఇంకేమీ అనలేదు.
కానీ పెట్టెయ్యడానికి
ఎప్పటికన్నా కాస్త ఆలస్యం చేసింది.
అవతల ఏదో పక్షి అరవడం వినిపించింది,
కంచె మీదనుకుంటా.

కీబోర్డు సందుల్లో
గడ్డిపరకలు ఇంకా ఉన్నాయి.
ఐదు నొక్కితే
ఒక్కోసారి పడదు.