పది కేజీల లెక్క

చీమకుర్తిలో మా కాటాకి
పదికి తక్కువ లెక్క రాదు.
ముప్పై టన్నుల నల్లరాయి ఎక్కి నిలబడితే
ఎర్రంకెలు కాసేపు తడుముకుని
చివర సున్నా పెట్టుకుని ఆగుతాయి.
లోడు బరువు, ఖాళీ బరువు, మిగిలింది రాయి.
చీటీ చింపి ఇస్తాను.
పదకొండేళ్లుగా ఇదే పని,
కుర్చీలో కూర్చుని.

ఆ సంగతి కుర్చీలకీ తెలుసు.
రెండు విరిగాక మూడోది ఇనుపది తెప్పించారు
ఓనరుగారు, ఒక్క మాటా అనకుండా.
అనుంటే బాగుండేది.

ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరమ్మ
నా షుగరు కాగితం మీద పెన్ను ఆనించి
"తొంభై మూడు, సలోమీ" అంది.
అంతే, తిట్టలేదు.
తిరుగు బస్సులో నా పక్కనామె
సంతనూతలపాడు దాకా
ఒక కాలు నడవాలో పెట్టుకునే కూర్చుంది.

ఆ రాత్రి చివరి లారీ పోయాక
చెప్పులు విడిచి కాటా ఎక్కాను.
తొంభై, అంది.
మూడు కేజీలు వదిలేసింది
తోటి ఉద్యోగినని కాబోలు.

తెల్లారి ఐదింటికి రామతీర్థం రోడ్డు.
మొదటి రోజు కరెంటు స్తంభాలు ఆరు.
ఆరోదాన్ని పట్టుకుని రొప్పుతుంటే
క్వారీ కుక్క ఒకటి నా మొహం చూసి
మొరగడం మానేసింది.
టీలో పంచదార మానేశాను.
రెండు వారాలు అది టీ కాదు, వేడివేడి శిక్ష.
క్యారేజీలో సజ్జరొట్టె, దోసకాయ పప్పు.
కానీ నాలుగయ్యేసరికి
నూర్జహాన్ బండి మీద పునుగులు వేగే వాసన
కిటికీ అద్దం మూసినా లోపలికొస్తుంది.
దాన్ని ఏ కాటా ఆపుతుంది?

రెండు నెలలు. స్తంభాలు నలభై.
కాటా ఎక్కాను. తొంభై.
మూడో నెలా తొంభై.
ఎవరి ఖాతాలో పడ్డాయి
నా తెల్లవారుజాములన్నీ?

అప్పుడే పొదిలిలో మేనల్లుడి పెళ్లి.
బిర్యానీ రెండుసార్లు, లడ్డూలు లెక్కపెట్టలేదు.
తర్వాత వాన.
వాన వెలిశాక ఏమీ లేదు, ఉత్తి బద్ధకం.
తొమ్మిది రోజులు దుప్పటి నాతో చాలా ప్రేమగా ఉంది.

ఆ వారమే చూశాను,
మాలకొండయ్య లారీ కింద దూరి
మడ్‌గార్డుకి పట్టిన మట్టి గీకుతున్నాడు.
"ఏందయ్యా, సర్వీసింగుకి ఇయ్యొచ్చుగా" అన్నాను.
"ఒక్క వానకి పట్టిన మట్టి కాదక్కా
ఒక్క కడుగుడికి పోయేదానికి.
రోజూ ఇంత గీకుతా.
నీ కాటాకి తెలవకపోయినా
నా డీజిలుకి తెలుస్తది."

నా డీజిలుకి ఏం తెలిసిందో
ఆ రాత్రి మంచం మీద కూర్చుని వెతికాను.
కాలిగోళ్లు నేనే కత్తిరించుకున్నాను మొన్న,
కూతుర్ని పిలవకుండా.
అప్పుడది పెద్ద సంగతి అనిపించలేదు.
చర్చి మెట్లు పదిహేడూ ఆగకుండా ఎక్కితే
ఎన్నో ఏళ్లకి పాట మొదటి చరణం దొరికింది.

పదో రోజు లేచాను.
ఉత్సాహం ఏమీ లేదు.
దానికోసం ఆగితే
అది టిఫిను తిని తీరిగ్గా వస్తుంది.
ముందు చెప్పులు తొడుక్కుంటే
నాలుగో స్తంభం దగ్గర ఎదురుపడుతుంది.
కొన్ని రోజులు అక్కడా కనపడదు.
కుక్క మాత్రం ఉంటుంది.

నిన్న రాత్రి మళ్లీ ఎక్కాను.
తొంభై. ఎనభై. తొంభై.
ఎనభై.
ఎర్రంకె ఎటూ తేల్చుకోలేక కొట్టుకుంటోంది.
వెనక హారన్.
"దిగమాకక్కా, తేలనీ" అని మాలకొండయ్య కేక.
లోడుతో ఉన్నాడు పాపం, దిగిపోయాను.

ముప్పై ఒక్క టన్ను, నలభై కేజీలు.
చీటీ చింపి ఇచ్చాను.
సెల్లులో అలారం ఐదింటికి ఉందో లేదో
ఇంకోసారి చూసుకున్నాను.