ఉప్పు

మా రేడియో స్తంభాన్ని ఉప్పు తింటోంది.
ముప్పై ఏళ్లుగా గీకుతున్నాను, రంగు వేస్తున్నాను,
మళ్లీ తింటోంది.
మేం సర్కారు ఉప్పు తింటున్నాం కదా,
చెల్లుకు చెల్లు అనుకునేవాణ్ణి.

ఒకప్పుడు సాయంత్రం ఏడింటికి
తొమ్మిది దీవుల్లోనూ గిన్నెల చప్పుడు ఆగేది.
నియుతావోలో టెపులోలుకి: పడవ గురువారం రాదు, శనివారం.
నానుమెయాలో లితియాకి: నీ కోడలు ప్రసవించింది,
ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం.
వైతుపులో ఒకాయనకి: బాకీ పంపు, కాస్త సిగ్గుపడు.
ఎవరి ఉత్తరమైనా అందరూ వినేవాళ్లు.
గుట్టు అనే మాటతో మాకప్పట్లో పెద్దగా పని లేదు.

ఇప్పుడా కబుర్లన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాయి.
సందేశాల పుస్తకంలో ఆఖరి రాత మార్చి నాటిది:
ఎవరిదో పంది తప్పిపోయిందని.
అది దొరికిందట. ఆ సంగతీ ఫోన్లోనే తెలిసింది.
ఆర్థికశాఖ నుంచి ఒక కుర్రాడు వచ్చి
"ఇంకా మీరెందుకు?" అన్నాడు, మర్యాదగానే.
నేను స్పానర్ తుడుస్తూ ఉండిపోయాను.

ఆ వారమే ఫలైమా వార్తల్లో చదివింది:
బయటి దీవులకు చేరాల్సిన డీజిల్,
రెండు వందల పీపాలు,
కాగితం మీద మాత్రమే ప్రయాణం చేశాయని.
సంతకం చేసినవాడి పేరూ చదివింది.
వాడు ఆమె మేనత్త కొడుకు.
చిన్నప్పుడు ఆమెకు ఈత నేర్పినవాడు.
గొంతు తడబడలేదు.
ఆ వెంటనే వాతావరణం:
తూర్పు గాలి, అలలు ఒక మోస్తరు.

పదకొండు వేల మంది ఉన్న దేశంలో
ఎవరి నిజం చెప్పినా ఇంటిగుట్టు చెప్పినట్టే.
శనివారం మేనత్త ఇంటి నుంచి రావాల్సిన చేప రాలేదు.
ఆదివారం ప్రార్థనలో
ఆమె పక్క చాప ఖాళీ.
నేను వెళ్లి కూర్చోవచ్చు.
కూర్చోలేదు. అదీ చెప్పాలి కదా.

సోమవారం పొద్దున స్టేషన్ ఫోన్ మోగింది.
నియుతావో నుంచి టెపులోలు, గొంతు బాగా అరిగిపోయింది.
"కబురేమీ లేదమ్మా,
ఆ పీపాల సంగతి ఇంకోసారి చదువుతారా?
మా ఆవిడ వినలేదు."

ఫలైమా పాత పుస్తకం తెరిచింది.
పంది కింద ఒక గీత గీసి తేదీ వేసింది.
'ఎవరికి' అన్న గడి దగ్గర కలం ఆగింది.
నేను గీకుడు బ్లేడు తీసుకుని స్తంభం దగ్గరికి నడిచాను.
ఉప్పు అక్కడే ఉంది,
తన పని తాను చేసుకుంటూ.