కాటా గుమాస్తా స్కోరు పుస్తకం

ఆదోని పత్తి యార్డులో నా పని తూకం రాయడం.
ఆదివారం సాయంత్రం మున్సిపల్ గ్రౌండులో
అదే పెన్సిల్‌తో బంతులు రాస్తా.
జీతం లేదు. రాయమని ఎవురూ అడగలేదు.

మొదట్లో బేస్‌బాల్ చూసేటోళ్ళం పద్నాలుగు మంది.
అందులో ఇద్దరు గొర్రెలు మేపుకోను వచ్చినోళ్ళు.
"ఇదేం క్రికెట్టప్పా, వికెట్లే లేవు" అని
ఉగ్గాని బండి బజారి నవ్వేటోడు.
నవ్వి నవ్వి, ఐదో ఇన్నింగ్స్ కొచ్చేసరికి
ఆటలో పడి బజ్జీలు మాడబెట్టేటోడు.

బంతి వేసేది ఉరుకుందు.
శనక్కాయ చేన్లో వడిసెల తిప్పి
పందుల్ని అదిలించిన చెయ్యి అది.
వాడు వదిలిన బంతి మౌలాలి గ్లౌజులో పడితే
తడి గోనె మీద కట్టె దెబ్బ మాదిరి ఒక చప్పుడు.
ఆ చప్పుడు కోసం నేను బీడీ కూడా ముట్టించేవాణ్ణి కాదు,
అగ్గిపుల్ల గీత అడ్డమొస్తుందని.

ఇప్పుడు కమిటీ వచ్చింది.
జిన్నింగు మిల్లు అల్లుడు అధ్యక్షుడు.
మౌలాలిని ఎమ్మిగనూరు టీముకిచ్చేసినారు,
బదులుగా ఏం తెచ్చుకున్నారో చెప్తే నమ్మరు:
రెండు పెద్ద స్పీకర్లు.

ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య డ్యాన్సులు, పొగ, రంగు లైట్లు.
చిరుత వేషమేసిన పిల్లోడు ఎండలో గెంతుతాంటాడు.
నేను ముసలోడి మాదిరి సణుగుతున్నానని కాదు,
జనం రెండువేలకు పెరిగిన మాట నిజం.
ఆడోళ్ళు వస్తాండారు, చంటిబిడ్డలు వస్తాండారు,
బజారి రెండో బండి పెట్టినాడు.
ఒకసారి డప్పు పాటకు
నా కాలు కూడా కదిలింది. రాసుకోండి.

కానీ కాటా దగ్గర ఒక కట్టుబాటు ఉండాది.
ముల్లు ఊగుతున్నంతసేపూ అంకె రాయకూడదు.
నిలబడాల. నిలబడినాకే రాయాల.
మొన్న ఆరు ఇన్నింగ్స్‌లో ఉరుకుందు ఇచ్చింది రెండే దెబ్బలు.
ఏడో ఇన్నింగ్స్‌లో మొదటి బంతికే మూడోది తగిలింది,
అదీ గాలివాటుకు.
అల్లుడు చెయ్యి ఊపినాడు.
ఉరుకుందు బయటికి, అల్లుని చిన్నాయన కొడుకు లోపలికి.
తరవాత ఎన్ని పరుగులు పోయినాయో
నా పుస్తకంలో గీతలు గడి దాటి
పక్క పేజీలో పత్తి లెక్కల మీదికి పోయినాయి.

ఆట అయినాక లక్కీ డ్రా.
నూట పన్నెండు. నా చీటీనే.
స్టేజీ ఎక్కించి, ప్రెషర్ కుక్కర్ చేతిలో పెట్టి,
"రెండు మాటలు చెప్పు పెద్దాయనా" అని మైకు ఇచ్చినారు.
మూడేండ్లుగా నాలిక మీద నిలబెట్టుకున్న మాటలు!
"ఏడో ఇన్నింగ్స్‌లో ఉరుకుందును ఎందుకు..."
అన్యానో లేదో, పాట పెట్టేసినారు.
రెండువేల మంది నేను థాంక్స్ చెప్పినాననుకొని
చప్పట్లు కొట్టినారు.

దిగి వస్తాంటే గోడ పక్కన ఉరుకుందు
ఆ చిరుత తల ఊడదీసి, చెమటకు తడిసిన పిల్లోడికి
నీళ్ళు తాపుతా ఉన్నాడు, కుడిచేత్తోనే.
ఏ గడిలో రాయాలో తెలీలేదు నాకు.
పేజీ మూలకి ఒక చుక్క పెట్టినా.

కుక్కర్ చూసి సుంకమ్మ సంబరపడింది.
నీ పిచ్చి ఆటకు ఇన్నాళ్ళకు ఫలితమొచ్చిందనింది.
రోజూ పొద్దున పప్పు పెడుతుంది.
మూడు కూతలు అయినాయి, దించేయ్ అంటా నేను,
అలవాటు, మూడంటే ఔటే కదా.

"గమ్మునుండు" అంటుంది.
"ఇంకా ఉడకలేదు."