కుడి పక్క

డ్రయ్యర్ల వరస మీద బల్బు మార్చడానికి
స్టూలెక్కి చెయ్యి చాపాను.
చొక్కా నాలుగంగుళాలు పైకి లేచింది.
అంతే జరిగింది.

తల్సా ఊళ్ళో ఆగస్టు,
లాండ్రీ లోపలి వేడి బయటి ఎండతో పందెం కాస్తున్న మధ్యాహ్నం.
పసిపిల్ల గౌన్లు మడతపెడుతున్నావిడ
చేతులు మడతలోనే ఆగిపోయాయి.
నేనింకా తిరగలేదు.
కొన్నాళ్ళు మోస్తే వీపుకి ఆ మాత్రం చూపు వస్తుంది.

ఈ మూడేళ్ళలో రకరకాల కళ్ళు చూశాను.
బ్యాంకు క్యూలో ఒక పెద్దాయన
"ఏ కంపెనీదమ్మా?" అన్నాడు,
కుక్కపిల్ల జాతి అడిగినంత ముద్దుగా.
పెట్రోలు బంకులో ఒక కుర్రాడు కన్నుకొట్టి
తన చొక్కా అంచు కూడా కాస్త ఎత్తి చూపించాడు.
ఇంటికెళ్ళి రెండుసార్లు స్నానం చేశాను.
బెదిరినవాళ్ళ మీద కోపం రాదు నాకు,
చుట్టరికం కలుపుకునేవాళ్ళతోనే చిక్కు.

గురి నేర్పిన గ్రేడీ, రిటైరైన డిప్యూటీ,
ఊపిరెప్పుడు బిగబట్టాలో చెప్పాడు,
వేలు ఎక్కడ ఉండకూడదో చెప్పాడు.
పిల్లల తల్లి చూసినప్పుడు
రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో అతని పాఠంలో లేదు.
చొక్కా గబుక్కున లాగితే దొంగలా ఉంటాం.
నవ్వితే మరీ ఘోరం.
చట్టం ఒప్పుకుంటుంది అందామంటే
ఆవిడ కళ్ళు అడిగింది చట్టం సంగతి కాదు.

మాడిపోయిన బల్బుని రెండు చేతులా పట్టుకుని
పొదిగే గుడ్డులా
స్టూలు మీద అలాగే కూర్చున్నాను.

చెప్పాలంటే చెప్పొచ్చు.
నాలుగు లాండ్రీల చిల్లర పోగుచేసేది నేనేనని,
వెయ్యి డాలర్ల పావలాలు యాభై పౌన్లు తూగుతాయని,
ఆ బరువుతో ఎవరూ పరిగెత్తలేరని,
వెనక పార్కింగులో ఒకడు ఇనప గొట్టంతో కొట్టాక
నా ఎడమ చెవిలో ఈల తప్ప ఇంకేం మోగదని.
ఇంత కథ
అరక్షణంలో ఏ ముఖంతో చెబుతారు?

సబ్బుడబ్బా మూతతో ఆడుకుంటున్న పిల్లాడు
"అమ్మా, అది నిజందేనా?" అన్నాడు.
ఆవిడ జవాబివ్వలేదు.
తిరుగుతున్న డ్రయ్యరు తలుపు లాగింది,
యంత్రం నిట్టూర్చి ఆగింది.
తడిబట్టలు గుండెలకి హత్తుకుని,
ఒక చేత్తో వాణ్ణి, మోచేత్తో తలుపుని తోసుకుంటూ వెళ్ళిపోయింది.
గుమ్మం నుంచి కారు దాకా నీటిచుక్కలు.
నేను బయటికొచ్చేసరికి అవీ ఆరిపోయాయి.

డ్రయ్యరులో ఇంకా ఇరవయ్యారు నిమిషాలున్నాయి,
అడుగున పసుపుపచ్చని మేజోడు ఒక్కటి, నా బొటనవేలంత.
తలుపు మూసి మీట నొక్కాను.
ఆవిడ వదిలేసిన నిమిషాలన్నీ
ఆ ఒక్క మేజోడే తిరిగింది.
తర్వాత దాన్ని నోటీసు బోర్డుకి గుచ్చాను,
తప్పిపోయిన పిల్లి ఫోటో పక్కన.

మూడో గురువారం వచ్చింది.
భుజాన సంచి మీద మార్కరుతో మిరేయా అని రాసుంది.
పిల్లాడు లేడు.
బోర్డు ముందు కాసేపు నిలబడి
పిన్ను తీసి, మేజోడు జేబులో వేసుకుంది.
నా చొక్కా మీది పేరు చదివింది.

"వెర్లీన్, ఇవాళ కూడా ఉందా?"
"ఉంది."
"ఎటు పక్క?"
"కుడి."

యంత్రంలో బట్టలు వేసింది,
పావలాలు ఒక్కొక్కటే లెక్కపెట్టి వేసింది.
వచ్చి బెంచీ మీద
నాకు ఎడమ పక్కన కూర్చుంది.
కళ్ళు యంత్రం మీదే ఉంచి
నెమ్మదిగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

ఆ చెవి పనిచెయ్యదని అనలేదు నేను.
తల మొత్తం ఆమె వైపు తిప్పి
పెదాలు చూస్తూ కూర్చున్నాను,
చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని.