ఇరవై ఏడో ప్రశ్న

ఇసకపల్లి పట్టపుపాళెంలో
పొద్దున ఏడింటికే ఉప్పుగాలి
ట్యాబు అద్దం మీద పొరలా దిగుతుంది.
పమిట చెంగుతో తుడిచి తలుపు కొడతాను.

మరుగుదొడ్డుందా, గ్యాసుందా, ఎంతమంది, ఎంత చదివారు,
ఇరవై ఆరు దాకా
నోటికొచ్చిన ఎక్కంలా దొర్లిపోతాయి.
ఇరవై ఏడు దగ్గరే గొంతు సవరించుకుంటాను.
ఇంట్లో కంప్యూటరుందా? నెట్టుందా?
అవును. కాదు. రెండే గళ్ళు.

పామంజి ధనకోటి తలెత్తకుండా వల బాగుచేసుకుంటానే అంది:
"ఉండాది మే, ఆయన జోబీలో.
ఆయన యాడుంటే ఆడ ఉంటది."
ఆయన మూడు రోజులుగా సముద్రంలో ఉన్నాడు.
ఒడ్డుకొచ్చి, నీళ్ళు పోసుకుని, అన్నం తిని లేచేలోపల
కూతురు కెమిస్ట్రీ పాఠం చూసుకోవాల.
సగంలో ఆగిన బెంజీన్ వలయం
మళ్ళీ పడవొచ్చిందాకా అట్నే తిరుగుతా ఉంటదంట.
అవును అని నొక్కాను.
జోబీకి వేరే గడి లేదు.

వాయిల పోలమ్మ, డెబ్బై ఒకటి, ఒంటరి.
ప్రశ్న పూర్తి కాకముందే నవ్వింది.
"నాకు నెట్టు లేకపోడమేంది తల్లీ,
నెట్టుకే నేను లేను."
ఎండుచేపలకి ఉప్పు రుద్ది రుద్ది
గీతలు చెరిగిపోయిన బొటనవేలు చూపించింది.
పింఛను మిషను ప్రతి నెలా ఎర్ర లైటు వేస్తుందట.
నాలుగుసార్లు తుడుచుకుని, ఐదోసారి దండం పెట్టుకుని
మళ్ళీ ఆనిస్తుందట.

రోడ్డు మీద మేడలో భార్యాభర్తలిద్దరూ టీచర్లు.
మనిషికొక ల్యాప్‌టాప్, గోడకి మినుకు మినుకుమనే డబ్బా,
పాతబడిన ట్యాబు మీద ఊరగాయ జాడీ.
అక్కడ ఆ ప్రశ్న అడగాలంటే
మీరు అన్నం తింటారా అని అడిగినట్టుంది.
కాఫీ ఇచ్చారు. తాగాను.

మేడ వెనక నుంచి మొదలు, రొయ్యల గుంటలు.
గుంటకి రెండు కెమెరాలు.
నడిరాత్రి ఏరేటరు ఆగితే చాలు,
నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో యజమాని దిండు కింద
సెల్లు గోల పెడుతుంది.
గుంటలు నా లెక్కలోకి రావు, ఇళ్ళు కావు గదా.
వస్తే, పంచాయతీలో మొదటి అవును
రొయ్యలదే అయ్యుండేది.

గట్టు మీద కాపలా గదిలో ఈగా మానయ్య.
పాస్‌వర్డు గోడ మీద సుద్దతో రాసుంది,
యజమాని మనవరాలి పేరు, ఆ పిల్ల పుట్టిన సంవత్సరం.
రెండేళ్ళు ఆ గోడకే వీపానించి కూచున్నాడు మానయ్య,
అదేదో మేత లెక్క అనుకుని.
మూడో తరగతి మనవడు క్యారేజీ తెచ్చి
కూడబలుక్కుని చదివేశాడు.

గిరిజన కాలనీలో పధ్నాలుగు ఇళ్ళు.
పధ్నాలుగు చోట్లా కాదు అని నొక్కాను.
పద్మ ఇంట్లో నొక్కేటప్పుడు వాళ్ళమ్మ
"అట్టయితే ఏమన్నా ఇస్తారా?" అని అడిగింది.
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

చివరి ఇల్లు, నాలుగు బై నూట పన్నెండు. నాదే.
ఇంటి యజమాని అన్నచోట మా ఆయన పేరు కొట్టాను,
చెయ్యి అలవాటు.
ఇరవై ఏడు.
ట్యాబు ఆఫీసుది. నెలాఖరుకి చార్జరుతో సహా అప్పజెప్పాలి.
మావాడు దీనిమీద లెక్కలు చేసుకునేది
నేను వంట చేసేసేపే.
వేలు గాల్లో ఆగింది.
ఈలోపు సిగ్నలు పోయింది.

పొద్దుగూకేలోపు ఎక్కించకపోతే ఈరోజు కూలి పడదు.
చెప్పులు చేతబట్టుకుని బురదలో గట్టెక్కాను.
కాపలా గది పక్కన కాలనీ పిల్లలు,
ఏడెనిమిది మంది, పగిలిన ఒక్క సెల్లు చుట్టూ
తలలు ఆనించి కూచున్నారు.
పద్మ ఉంది. ధనకోటి కూతురు కూడా.
జరిగి చోటిచ్చారు.
ఏరేటర్ల హోరులో
మానయ్య మనవడు చెవి దగ్గరకొచ్చి అడిగాడు:
"పాస్‌వర్డు చెప్పేదా అక్కా?"