ఒకటిన్నర మిల్లీమీటరు పక్కగా

మొదటిదాని సంగతి చెప్పుకోకూడదసలు.
పాడైన టేప్‌రికార్డర్ మోటారు,
రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టం,
వంచిన స్టీలు చెంచా, మా అమ్మ కుట్టుసూది.
నా తొడ మీదే పరీక్ష.
గీత గియ్యలేదది, దున్నింది.
వాచిన కాలు చూసి ఆర్‌ఎంపీ సుబ్బరాజు గారు
"ఏరా, చేను దొరకలేదా నీకు?" అని
ఇంజెక్షన్ కాస్త గట్టిగానే పొడిచారు.

అప్పట్నించి సీలు తియ్యని సూదులే.
గొట్టాలు కుక్కర్లో ఉడకాల్సిందే.
"పప్పుకి మూడు కూతలు, నీ ఇనపసామానుకి ముప్పయ్యా?"
అమ్మ వేరే కుక్కరు కొనిపించింది.

నర్సాపురం పంటు రేవుకెళ్లే దారిలో నా కొట్టు.
పగలు రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లకి
రాగితీగ చుడతాను.
రాత్రి, ఇదీ.

మోటారుకి తిరగడమొక్కటే తెలుసు.
సూదికి కిందకీ పైకీ తప్ప మరో దారి లేదు.
ఇద్దరికీ మాట కలిపేది
గోరంత ఇత్తడి బిళ్ల.
దానికి నడిమధ్యన ఇరుసు,
ఒకటిన్నర మిల్లీమీటరు పక్కగా ఇంకో పిన్ను.
మధ్యలోనే కొట్టావా, సూది కదలనే కదలదు.
మరీ పక్కకెళ్లావా, పిడికిలంతా పూనకం.
ఎన్ని బిళ్లలు పాడుచేశానో
లెక్కపెట్టడం మానేశాను.

రెండోది డీవీడీ ప్లేయర్‌ది.
చక్రకేళి తొక్క మీద చక్కగా నడిచింది.
తొక్కకి నొప్పి తెలీదు కదా.

మూడోదాన్ని లేసు అల్లే రూతమ్మ పిన్ని
తన కొక్కెంసూదిలా పట్టుకుని చూసి
"దీనికి తలబరువురా.
చెయ్యి దాన్నే మోస్తుంటే పనెప్పుడు చేస్తాది?" అంది.
కిటికీ చట్రం ముక్క కోసి, అరగదీసి,
మోటారుని వేళ్ల దగ్గరికి దించాను.
బంగారం కొట్టు త్రాసులో తూయిస్తే
నలభై గ్రాములు తగ్గింది.
శెట్టిగారు నవ్వలేదు,
రాయి పొదిగేటప్పుడు ఆయనకీ ఇదే గొడవట.

ఇంకో చిక్కు.
చీకటిపడి చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒక్కసారి లేస్తే
ఊళ్లో కరెంటు గుటక మింగుతుంది.
నా సూది గీత మధ్యలో నత్తిపడుతుంది.
పగలు నేను బాగుచేసిన మోటార్లే
రాత్రి నా చెయ్యి వణికిస్తాయి.
మోటారుసైకిల్ బ్యాటరీ తెచ్చిపెట్టాక గాని
అది కుదటపడలేదు.

అప్పుడొచ్చాడు బియ్యపుతిప్ప నించి కొపనాతి ఏడుకొండలు,
భార్య సత్యవేణితో.
పువ్వొద్దు, పేరొద్దు, దేవుడూ వద్దు.
"ఈవిడ ఫోన్ నంబరు రాయండి, మోచేతి కింద.
పడవ తిరగబడి, వారం పోయాక ఎక్కడో తేలితే
మొకం మిగలదండి, చెయ్యి మిగుల్తాది.
ఎవరోకరు ఫోన్ చేస్తారు కదండీ."

వాళ్ల బావమరిదికి నేనే రాశాను పోయినేడు, నాలుగోదాంతో.
మానాక 8 కడుపు పూడిపోయింది.
మూడో, ఎనిమిదో, మచ్చో.
పది రోజులాగి రమ్మన్నాను.

పది రోజులూ లూజు వేటాడాను.
గేలం రీలు విప్పి బేరింగు తీశాను,
కిరసనాయిలుతో కడిగాను,
కాగితం మీద, గుమ్మడికాయ మీద, మళ్లీ నా తొడ మీద
ఎనిమిదులే ఎనిమిదులు.
ఈసారి తొడ వాచలేదు.
రెండు గదుల ఇల్లులా ప్రతి ఎనిమిదిలోనూ
వెలుతురు నిలబడింది.

సత్యవేణి ఒక్కో అంకె రెండుసార్లు చదివింది.
గోడ మీది బల్లి కూడా విన్నంత మెల్లగా నడిచింది మిషను.
చర్మం మానాక మళ్లీ రమ్మన్నాను,
అప్పటిగ్గాని పని అయినట్టు కాదు.

వచ్చారు.
టీ తెచ్చిన కుర్రాణ్ని పిలిచి
"ఆ చెయ్యి చూసి ఫోన్ కొట్టరా" అన్నాను.
వాడు తడుముకోలేదు. పది అంకెలూ గబగబా నొక్కాడు.

ఆవిడ చేతిసంచిలో మోగింది.
ఏడుకొండలు గట్టిగా నవ్వేశాడు.
ఆవిడ ఎత్తలేదు.
మోగినంతసేపూ సంచి మీద అరచెయ్యి ఆనించి
అలాగే కూచుంది.

బేరింగులో ఇంకా చిన్న గరగర ఉంది.
రేపు చూడాలి.