ముందలి గోడ

రోడ్డు వెడల్పుకు ఆరడుగులు పోయినంక
మా పడకటింటి గోడే
ఇంటికి మొఖమైంది.

మట్టెవాడల ఎదురు వరసంతా కొత్త ఎలివేషన్లే.
ఒకాయన మెరిసే టైల్స్ ఏసిండు,
ఒకాయన సిమెంటు సింహాల్ని కూసోవెట్టిండు.
మాది మాత్రం
పాత ఆకుపచ్చ సున్నం, దోమతెర మొలలు,
మంచమున్న కాడ ఇరవయ్యేండ్ల నా తలనూనె మరక,
బస్సులున్నోళ్ళందరికి కనవడుకుంట.

పెయింటర్ మొగిలి రంగుల పుస్తకం దెచ్చిండు.
"ముందలి గోడంటే ఊరికోసం ఏసేదమ్మా,
మీకు లోపల ఉండనే ఉండె" అన్నడు.
మూడు వేలు తగ్గియ్యమంటే
ఒక కోటింగ్ తగ్గిస్తనన్నడు.

గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగ రాలింది:
ఆకుపచ్చ కింద గులాబి,
గులాబి కింద నీలం,
దాని కింద నేనీ ఇంటికి రాకముందటి తెలుపు.
నూనె మరక మీద రెండుసార్లు లప్పం పెట్టిండు.
రెండుసార్లూ పైకి తేలింది.

దువ్వెన గూడు పక్కన
సిమెంటుల పాతిన అద్దం ముక్క ఊడలేదు.
"పలగ్గొట్టాల్నా?" సుత్తె ఎత్తిండు.
"రేపు చూద్దాం తియ్యి" అన్న.

తెల్లారి
కాజీపేట ఆటో ఒకటి ఆగింది.
డ్రైవర్ దిగి, మెడ వంచి, మీసం దువ్వుకున్నడు.
బడికి పోయే పిల్ల రిబ్బన్ సర్దుకుంది.
జామకాయల గంపామె
పంట్ల ఇరికిన పోకముక్క తీసుకుంది.
ఇంటి రంగు
ఒక్కరన్నా చూడలే.

మొగిలి బీడీ ఆర్పి, వంగి,
అద్దం సుట్టూ సన్న కుంచెతోని
పసుపు గీత గీసిండు.
దానికి పైసలడగలే.